అడ్రస్ ఒకటి, ఫైల్ ఇంకొకటి

వెబ్ అడ్రస్‌లో ఏ పేరు కనిపిస్తే ఆ పేరుతో సర్వర్‌లో ఒక ఫైల్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌తో కట్టిన సైట్‌లో వెయ్యి పోస్టులుంటే వెయ్యి అడ్రసులుంటాయి, కానీ ఒక్కో పోస్టుకు విడిగా ఫైల్ ఉండదు. అన్నీ ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ అనే ఒకే ఫైల్ దగ్గరికి వెళ్తాయి. అపాచీ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో వాటిని అక్కడికి పంపే పని మాడ్ రీరైట్ అనే భాగానిది. రాల్ఫ్ ఎంగెల్‌షల్ 1996లో దీన్ని రాశారు.

అడ్రస్ మార్చే తన రూల్స్‌ని వర్డ్‌ప్రెస్ డాట్ హెచ్‌టీయాక్సెస్ అనే సర్వర్ సెట్టింగుల ఫైల్‌లో రాసుకుంటుంది. అందులో అసలైన రూల్‌కి పైన రెండు షరతులు ఉంటాయి: అడిగిన పేరుతో నిజమైన ఫైల్ ఉండకూడదు, ఫోల్డరూ ఉండకూడదు. ఇవి లేకపోతే ఫొటో అడిగినా, పేజీ రూపాన్ని చెప్పే స్టైల్ షీట్ అడిగినా ఇండెక్స్‌కే పోతుంది, పేజీ బోసిగా కనిపిస్తుంది. షరతులు పైన ఉన్నా సర్వర్ ముందు చూసేది కింది రూల్‌లో అడ్రస్‌తో పోల్చడానికి రాసిన నమూనానే. అది అడ్రస్‌తో కుదిరితేనే షరతుల జోలికి వెళ్తుంది. పైగా ఆ షరతులు వాటి వెంటనే ఉన్న ఒక్క రూల్‌కే వర్తిస్తాయి. కింద ఇంకో రూల్ చేర్చి, దానికీ అవే పనిచేస్తాయనుకుంటే గంటలకొద్దీ తల పట్టుకోవాల్సిందే.

అంతకన్నా ఎక్కువ తికమక పెట్టేది రూల్ చివర కనిపించే 'ఎల్' గుర్తు. ఎల్ అంటే లాస్ట్, ఇక ఆపేయమని. అయితే ఆగేది ఆ విడతే. డాట్ హెచ్‌టీయాక్సెస్‌లోని రూల్ వల్ల అడ్రస్ మారిందంటే, మారిన అడ్రస్‌తో రూల్స్ మళ్లీ మొదటి నుంచి నడుస్తాయి. మీ రూల్ ఇచ్చిన ఫలితం అదే రూల్‌కి మళ్లీ చిక్కితే తిరుగుడే తిరుగుడు. మామూలు సెట్టింగ్‌లో 10 సార్లు దాటగానే సర్వర్ చేతులెత్తేసి 500 ఎర్రర్ ఇస్తుంది. అపాచీ 2.4 వెర్షన్‌లో 'ఎండ్' గుర్తు వచ్చింది. అది నిజంగానే ఆపుతుంది. కొత్తగా రూల్స్ రాసేవాళ్లు దాన్ని ముందే నేర్చుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఇదంతా సర్వర్ లోపల జరిగే మార్పు, బ్రౌజర్‌కి తెలియదు. పాత అడ్రస్ వదిలి కొత్తదానికి వెళ్లమని బ్రౌజర్‌కే చెప్పాలంటే రీడైరెక్ట్ కావాలి. దాన్ని పరీక్షించేటప్పుడు 302 కోడ్ వాడండి, అది తాత్కాలికం. 301 అంటే శాశ్వతం. బ్రౌజర్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, మీరు రూల్ సరిదిద్దినా పాత దారిలోనే పోతుంది.

తెలుగు అడ్రసులున్న సైట్లకు ఇంకో సంగతి. 'క' అన్న ఒక్క అక్షరం అడ్రస్‌లో శాతం గుర్తులతో కలిపి 9 క్యారెక్టర్లుగా ప్రయాణిస్తుంది. రూల్ దగ్గరికి చేరేసరికి సర్వర్ దాన్ని విప్పేసి ఉంటుంది. అందుకే అడ్రస్ బార్ నుంచి కాపీ చేసిన శాతం గుర్తుల వరసను నమూనాలో పెడితే కుదరదు, తెలుగు అక్షరాలే రాసి ఫైల్‌ని యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయాలి.