ఏ పొరలో కిరాయికి దిగింది?

అమీర్‌పేటలో హాస్టల్ గది అంటే నాలుగు మంచాలు, ఒక కిటికీ, ఆ కిటికీ నుంచి తలుపు దాకా కట్టిన దండెం. ఆషాఢంలో ముసురు పట్టిందంటే దండెం మీది జీన్స్ మూడు రోజులకు కూడా ఆరదు. నాలుగో రోజు ఇంటర్వ్యూ, వేసుకోక తప్పదు. నడుం దగ్గర బెల్టు పట్టే చోట, గజ్జల్లో తామర మొదలయ్యేది ఇలాగే. పక్క మంచం వాడు అదే టవల్ వాడితే వాడికీ అంటుకుంటుంది. కింద మందుల షాపుకు పోయి, “అన్నా, దురదకేమన్న ట్యూబ్ ఇయ్యవా?” అంటే పేరు కూడా అడగకుండా ఒకటి చేతిలో పెడతాడు. రెండు రోజుల్లో దురద పోతుంది. నెల తిరిగేసరికి ఉంగరంలాంటి మచ్చ ఒకటి ఉన్న చోట నాలుగు కనిపిస్తాయి.

ఈ తిరకాసు అర్థం కావాలంటే తామర తెచ్చే బూజు (ఫంగస్) చర్మంలో ఏ పొరలో కాపురం పెట్టిందో చూడాలి. మన చర్మం పైపొరంతా చచ్చిన కణాలే. అడుగున పుట్టిన కణం పైకి జరుగుతూ, సుమారు నెల రోజుల్లో కెరటిన్ అనే గట్టి ప్రోటీన్ నిండిన పొలుసై రాలిపోతుంది. తామర బూజుకు తిండి ఆ కెరటిన్. రొట్టె మీద పాకినట్టే పొలుసుల మధ్య సన్నని దారాలుగా పాకుతుంది. బతికున్న కణాల జోలికి మామూలుగా పోదు. మరి ఎరుపు, దురద? అవి బూజువి కావు, మన ఒంటివి. పై అంతస్తులో చప్పుడు విని కింది ఇంటివాళ్లు కేకలేసినట్టు, కింది పొరల్లోని రక్షణ కణాలు చేసే గొడవ అది. ఉంగరం గీసేదీ ఆ గొడవే. మధ్యలోని బూజును ఒళ్లు చాలావరకు తరిమేస్తుంది, మిగిలింది అంచుల వెంబడి బయటికి జరుగుతుంది. అందుకే పరీక్షకు పొలుసును అంచు దగ్గర గీకుతారు. దాని మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే చర్మకణాలు కరిగి, మైక్రోస్కోపులో బూజు దారాలు తేటగా కనిపిస్తాయి. ఖరీదైన పరీక్షేమీ కాదు.

(గజ్జి, తామర అని జంటగా తిడతాం గానీ వాటికి చుట్టరికం లేదు. గజ్జి తెచ్చేది చర్మంలో సొరంగాలు తవ్వి గుడ్లు పెట్టే పురుగు. దాని మందు వేరు.)

షాపువాడిచ్చిన ట్యూబులో చాలాసార్లు మూడు మందులు కలిసి ఉంటాయి: ఫంగస్‌కు ఒకటి, బ్యాక్టీరియాకు ఒకటి, క్లోబెటసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్ ఒకటి. రెండు రోజుల్లో దురద తీసేది ఈ మూడోదే. అది కింది ఇంటివాళ్ల నోరు మూయిస్తుంది, పైవాడు మరింత స్వేచ్ఛగా విస్తరిస్తాడు. ఉంగరం గీతలు చెదిరిపోయి, చూసిన డాక్టరుకే అనుమానం వచ్చేలా తయారవుతుంది. ఇలా మారువేషం వేసిన తామరకు 1968లోనే ‘టినియా ఇన్‌కాగ్నిటో’ అని పేరు పెట్టారు. నెలల తరబడి పూస్తే గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి. తామర పోయినా ఆ చారలు పోవు. 2018లో కేంద్రం పలు స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల్లో చేర్చింది. చీటీ అడిగిన షాపు నాకింకా తగల్లేదు.

పైగా ఇప్పుడు బూజే మొండికేసింది. ఫంగస్‌కు చుట్టూ గోడలా ఉండే పొరలో ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు ఉండాలి. దాని తయారీలో పనిచేసే ఒక ఎంజైమ్‌ను టెర్బినఫైన్ అనే తామర మందు అడ్డుకుంటుంది. ఆ ఎంజైమ్ జన్యువులో చిన్న మార్పు వస్తే మందు పట్టు జారిపోతుంది. అలా మారిన తామర బూజుకు 2020లో జపాన్ పరిశోధకులు ‘ట్రైకోఫైటన్ ఇండోటినియే’ అని పేరు పెట్టారు. ఇండియా పేరు అందులోనే ఉంది. న్యూయార్క్‌లోనూ ఇది ఉందని 2023లో బయటపడింది. ఇలాంటివారికి డాక్టర్లు ఇట్రాకొనజోల్ లాంటి వేరే మాత్రలకు మారి, వారాల తరబడి వాడిస్తున్నారు. మచ్చ కనబడకుండా పోగానే మానేసేవాళ్లతోనే మళ్లీ తంటా.

శోభి మచ్చలకు ఇంత కథ లేదు. అందరి చర్మం మీదా ఉండే, నూనె తిని బతికే ఈస్టు చెమట కాలంలో పెచ్చుమీరితే అవి వస్తాయి. ఫంగస్ చచ్చాక కూడా తెలుపు కొన్ని నెలలు ఉంటుంది. అది చూసి బొల్లి అని హడలిపోనక్కర్లేదు.

బూజు పైపొర దాటదు. పులిపిరి వైరస్ అలా కాదు, చిన్న గీత గుండా దూరి అడుగున కొత్త కణాలు పుట్టే పొరకే చేరుతుంది. కణంతో పాటే పైకి ప్రయాణించి, పొలుసు రాలేటప్పుడు బయటపడుతుంది. దారిలో ఎక్కడా రక్తంలోకి దిగదు గనక ఒళ్లు చాలాకాలం దాన్ని పసిగట్టలేదు. పసిగట్టిన రోజున పులిపిరి దానంతటదే రాలుతుంది. పిల్లల్లో చాలావాటికి రెండేళ్లలోపే ఆ రోజు వస్తుంది. గుర్రపు వెంట్రుక కట్టినందుకే రాలిందని నమ్మే పెద్దలు ప్రతి ఇంట్లో ఉన్నారు. పేరు వెంట్రుకకు, పని ఒంటిది.

అన్నిటికంటే లోతుగా దాక్కునేది సర్పి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గాక ఆ వైరస్ చావదు, వెన్నెముక పక్కన నరాల ముడుల్లో దశాబ్దాల పాటు నిద్రపోతుంది. వయసు మీదపడో, రోగనిరోధక శక్తి తగ్గో అది లేచినప్పుడు, ఒక నరం వెంబడి చర్మం దాకా పాకి పొక్కులవుతుంది. ఆ పొక్కుల వరసే పాము, దాని తల, తోక కలిస్తే మనిషి దక్కడని మనవాళ్ల భయం. కానీ ఒక్కో నరం ఒంటికి ఒక పక్కనే, నడిమి గీత దాకానే వెళ్తుంది గనక మామూలుగా ఆ రెండూ కలవవు. దీనికి ఎసైక్లోవిర్ ఉంది. వైరస్ పట్టిన కణంలో, ఆ వైరస్ సొంత ఎంజైమ్ తగిలితేనే అది మందుగా పనిచేస్తుంది. దాని వెనకున్న పరిశోధనకు నాయకత్వం వహించిన గెర్ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే దానితో పూర్తి ఫలితం.

ఉప్పల్‌లో ఉండే మా పిన్నికి శుక్రవారం ఎడమ పక్కటెముకల కింద పొక్కులు లేచాయి. ఆదివారం ఊరికెళ్లి పసరు పూయించుకుంది. డాక్టర్ దగ్గరికి వచ్చింది బుధవారం. మూడు వారాల్లో పొక్కులు ఎండిపోయాయి. నరం నొప్పి మాత్రం ఉండిపోయింది, ఫ్యాను గాలి తగిలినా మంటే. మొన్న బోనాలకు వెళ్తే, ఈసారి రైకలన్నీ రెండంగుళాలు వదులుగా కుట్టించానని చెప్పింది.