ఫోన్ తెలిస్తే చాలదు: డిజిటల్ నైపుణ్యాలపై అపోహలు - వాస్తవాలు

గ్రామీణ విద్యార్థులకు కంప్యూటర్ నేర్పే నాకు తరచుగా ఎదురయ్యే మాటలివి.

అపోహ: స్మార్ట్‌ఫోన్ వాడే పిల్లలకు మళ్లీ నేర్పేదేముంది?

వాస్తవం: ప్రథమ్ సంస్థ గ్రామీణ విద్యపై సర్వే చేసి వెలువరించే అసర్ నివేదిక (2024) ప్రకారం గ్రామీణ భారతంలో 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడకం తెలుసు. సర్వేకు ముందు వారంలో వారిలో 76 శాతం మంది దానిని సామాజిక మాధ్యమాలకు, 57 శాతం మంది చదువుకు ఉపయోగించారు. రీల్స్‌ను చకచకా ఎడిట్ చేసే విద్యార్థులే ఉద్యోగ దరఖాస్తు కోసం ఫొటోను 50 కేబీకి తగ్గించమంటే ఆగిపోవడం నా తరగతిలో మామూలే.

అపోహ: కాలేజీ సీట్ల కౌన్సెలింగ్ ఆన్‌లైన్‌లో జరుగుతుంది కాబట్టి అందరికీ సమాన అవకాశమే, తెలియకపోతే నెట్ సెంటర్ ఉండనే ఉంది.

వాస్తవం: ఇంజినీరింగ్ వంటి కోర్సుల ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో ర్యాంకు ఎంత ముఖ్యమో వెబ్ ఆప్షన్ల, అంటే ఆన్‌లైన్‌లో ఎంచుకునే కాలేజీలు, కోర్సుల వరుస కూడా అంతే ముఖ్యం. సీటు కేటాయించేటప్పుడు అభ్యర్థి ఇచ్చిన ఆప్షన్లను మొదటి నుంచి చూసుకుంటూ వెళ్లి, ర్యాంకుకు అందిన తొలి సీటునే ఇస్తారు కనుక, తక్కువ ఇష్టమైన కాలేజీ పొరపాటున పైన పడితే, కింద ఉన్న మంచి కాలేజీ ఆ ర్యాంకుకు వచ్చేదే అయినా ఆ విడతలో చేజారిపోతుంది. చదువుకున్న ఇంట్లో అన్నో అక్కో పక్కన కూర్చుని గత సంవత్సరాల్లో ఏ కాలేజీలో ఏ ర్యాంకు వరకు సీటు వచ్చిందో చూసి వరుస సరిచేస్తారు. ఆ తోడు లేని విద్యార్థి బారులు తీరిన నెట్ సెంటర్‌లో ఐదు నిమిషాల్లో పని ముగించుకుని వస్తాడు. పైగా దరఖాస్తులో నిర్వాహకుడి ఫోన్ నంబరే ఇచ్చి, తర్వాత ఓటీపీ కోసం అతని చుట్టూ తిరిగినవారు నాకు తెలుసు. నిర్వాహకుడిని తప్పుపట్టలేం, ఎవరి భవిష్యత్తుకు ఏ కాలేజీ మేలో తేల్చే బాధ్యత అతనిది కాదు.

అపోహ: ఇంట్లో ఫోన్ ఉంటే అమ్మాయికీ ఉన్నట్టే.

వాస్తవం: 2023 అసర్ ప్రకారం 14-18 ఏళ్ల గ్రామీణ యువతలో, స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసినవారిలోనే, సొంత స్మార్ట్‌ఫోన్ ఉన్న అబ్బాయిలు 43.7 శాతం కాగా అమ్మాయిలు 19.8 శాతమే.

అపోహ: చిన్న శిక్షణ ఇస్తే లోటు తీరిపోతుంది.

వాస్తవం: 2017లో మొదలైన కేంద్ర పథకం ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ కింద ఇచ్చిన శిక్షణ వ్యవధి 20 గంటలు. తొలి అడుగుగా అది మంచిదే. కానీ ఇంట్లో కంప్యూటర్ లేని విద్యార్థికి మౌస్, కీబోర్డు చేతికి అలవాటయ్యేసరికే మా దగ్గర రెండు వారాలు గడుస్తాయి, ఫైల్‌ను ఎక్కడ భద్రపరిచారో తిరిగి వెతుక్కోవడం ఆ తర్వాతి పాఠం.