డిస్క్ జారితే ట్రాక్షన్ ఎంతవరకు పనికొస్తుంది

ఎంఆర్ఐ రిపోర్టులో ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్, అంటే నడుము కింది భాగంలో రెండు పూసల మధ్య దిండులా ఉండే డిస్క్ కాస్త బయటికి ఉబ్బింది అని చూడగానే చాలామంది హడలిపోయి మంచం ఎక్కేస్తారు. అసలు నొప్పే లేనివాళ్లకి స్కాన్ తీసినా 20 ఏళ్ల వయసులో దాదాపు 30 శాతం మందికి, 80 ఏళ్లకి 84 శాతం మందికి బల్జ్ కనిపించిందండీ, కాబట్టి రిపోర్టు ఒక్కదాన్నే చూసి భయపడక్కర్లేదు. కాకపోతే డిస్క్ బయటి పొర చిట్లి లోపలి మెత్తటి గుజ్జు నరం మీదకి వస్తే మాత్రం ఒత్తిడికి తోడు వాపు కూడా చేరి పిర్ర నుంచి పాదం దాకా కాలు లాగేస్తుంది.

ట్రాక్షన్ పెట్టేది ఆ పూసల మధ్య సందు పెంచడానికి. ఛాతీకో బెల్టు, నడుముకో బెల్టు కట్టి మిషన్‌తో లాగుతారు, మామూలుగా ఒంటి బరువులో పావు వంతు నుంచి సగం దాకా పెడతారు. లాగినంతసేపు కొందరికి హాయిగానే ఉంటుంది, కాదనను, కానీ లేచి నిలబడగానే ఒంటి బరువు మళ్లీ అదే డిస్క్ మీద పడుతుంది కదా. 2013లో వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ వాళ్లు 32 ట్రయల్స్ కలిపి చూస్తే ట్రాక్షన్ వల్ల తేడా లేదు, ఉన్నా చాలా కొంచెమే అని తేలింది, 2016లో బ్రిటన్ గైడ్‌లైన్స్ అయితే అసలు వాడొద్దనే చెప్పాయి. అందుకే రోజుల తరబడి ట్రాక్షన్ ఒక్కటే ట్రీట్‌మెంట్‌గా నడిపిస్తే నాకు బాధగా ఉంటుంది.

ఎందుకంటే అసలు రిపేరు ఒళ్లే చేసుకుంటుంది. బయటికొచ్చిన గుజ్జుని రక్షణ కణాలు మెల్లగా తినేస్తాయి, చాలామందికి కొన్ని నెలల్లో అది కుంచించుకుపోతుంది, విచిత్రం ఏంటంటే పూర్తిగా తెగి బయటపడిన ముక్కే ఎక్కువగా కరుగుతుంది. ఈలోగా మనం కదులుతూ ఉండాలి.

ఏ ఎక్సర్‌సైజ్ చేయాలి అంటే అది మనిషిని బట్టి ఉంటుంది. 1956లో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియో దగ్గరికొచ్చిన ఒక పేషెంట్, తలవైపు ఎత్తి ఉన్న బల్ల మీద అలాగే బోర్లా పడుకుంటే కాసేపటికి కాలి నొప్పి పోయింది. అక్కడి నుంచే బోర్లా పడుకుని చేతులమీద ఛాతీ లేపే ఎక్సర్‌సైజ్ పేరుపొందింది, చూడ్డానికి మన భుజంగాసనంలాగే ఉంటుంది. చేసేటప్పుడు నొప్పి పాదం నుంచి పైకి నడుములోకి వస్తుంటే, నడుము కాస్త ఎక్కువ నొప్పెట్టినా సరే, మంచి సూచనే. కిందకి పాకుతుంటే ఆపేసి ఫిజియోకి చెప్పాలి, కొందరికి ఈ వెనక్కి వంగడం అస్సలు పడదు. నొప్పి తగ్గేకొద్దీ నడక పెంచుకుంటూ, నడుము లేపే బ్రిడ్జ్ లాంటివి కలుపుకోవచ్చు. ఇంకోటి, రాత్రంతా పడుకుంటే డిస్క్ నీళ్లు పీల్చుకుని ఉబ్బి ఉంటుంది, అందుకని పొద్దున్నే లేచిన గంటలో ముందుకి వంగి బిందె ఎత్తడం, కాలివేళ్లు ముట్టుకోవడం వద్దు.

మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా మాత్రం ఎక్సర్‌సైజులూ ట్రాక్షనూ అన్నీ పక్కనపెట్టి అర్ధరాత్రయినా సరే అప్పటికప్పుడే పెద్దాసుపత్రికి వెళ్లిపోవాలి, ఆలస్యమైతే ఆ నరాలు మళ్లీ కోలుకోకపోవచ్చు.