కాస్పియన్ బురదలో అజోవ్ పురుగు

సముద్రంలో చేపలకు మేత తక్కువైతే మేతనే తెచ్చి నాటొచ్చా? సోవియట్ శాస్త్రవేత్తలు లెవ్ జెంకెవిచ్, బిర్‌స్టెయిన్ నాటొచ్చన్నారు. వోల్గా నది మోసుకొచ్చే సేంద్రియ పదార్థం కాస్పియన్ సముద్రం అడుగున పేరుకుంటోంది, దాన్ని తిని స్టర్జన్ చేపకు ఆహారమయ్యే జీవులు మాత్రం అక్కడ తక్కువని వాళ్ల వాదన. 1939-41 మధ్య అజోవ్ సముద్రం నుంచి నీరీస్ పురుగుల్ని 60 వేలకు పైగా తెచ్చి ఉత్తర కాస్పియన్‌లో వదిలారు.

ఈ పురుగునే ఎందుకు ఎంచుకోవాలి? నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. కాస్పియన్ నీటిలో ఉప్పు మహాసముద్రంలో ఉండేదానిలో మూడో వంతు. వోల్గా ముఖద్వారం దగ్గర దాదాపు మంచినీరే. మామూలు సముద్రపు పురుగును అక్కడ వేస్తే ద్రవాభిసరణం (పలచని నీరు పలుచటి పొర గుండా ఉప్పు ఎక్కువున్న వైపుకు వెళ్లడం) వల్ల నీరు చర్మం గుండా లోపలికి చొరబడుతుంది, ఒళ్లు ఉబ్బిపోతుంది. నీరీస్ పరిస్థితి చిల్లుపడిన పడవలో కూర్చున్నవాడిలాంటిది. వాడు మొదట చిల్లును వీలైనంత మూస్తాడు, తర్వాత నీళ్లు తోడిపోస్తాడు. ఇదీ అంతే: చర్మం గుండా నీరు దూరే వేగాన్ని తగ్గిస్తుంది, లోపలికి వచ్చేసిన నీటిని నెఫ్రీడియా అనే విసర్జక నాళాల ద్వారా పలచని మూత్రంగా బయటికి పంపుతుంది. తోడే నీటితో పాటు కొంత ఉప్పూ పోతుంది కాబట్టి, చుట్టూ ఉన్న పలచని నీటి నుంచే ఉప్పులో భాగమైన క్లోరైడ్ అయాన్లను శక్తి ఖర్చుపెట్టి మళ్లీ లోపలికి లాక్కుంటుంది. నీరు బాగా ఉప్పగా ఉన్నచోట ఈ కష్టమేమీ పడదు, ఒంట్లోని ద్రవాల గాఢతను బయటి నీటితో సమానంగా వదిలేస్తుంది. బడిలో ద్రవాభిసరణం అంటే నానిన ఎండుద్రాక్షతోనే సరిపెడతారు. దానితో రోజంతా పోరాడే ఈ జీవి గురించి కూడా చెబితే పాఠం ఎంత బాగుంటుందో!

లెక్క తప్పలేదు. 1940ల మధ్యకల్లా స్టర్జన్ల కడుపుల్లో నీరీస్ కనిపించింది. తర్వాత అది వాటి ముఖ్యమైన ఆహారాల్లో ఒకటైంది. చేపలు పురుగుల్ని మేశాయి, మనుషులు ఆ చేపల్ని పట్టి తిన్నారు, కేవియార్ అనే ఖరీదైన వంటకం కోసం వాటి గుడ్లను తీసుకున్నారు.

ఇలా ఒక జీవిని కొత్త సముద్రంలోకి వదలడం నేటి ప్రమాణాలతో చూస్తే చాలా పెద్ద సాహసం. అదే కాస్పియన్‌లోకి ఎవరూ కోరకుండానే, ఓడలు నిలకడ కోసం అడుగున నింపుకునే బ్యాలాస్ట్ నీటితో, 1990ల చివర్లో నీమియాప్సిస్ అనే కోంబ్ జెల్లీ (జెల్లీచేపలా కనిపించే జీవి) వచ్చిపడి చిన్న చేపల మేతను చాలావరకు తినేసింది. స్టర్జన్లను దెబ్బతీసింది మాత్రం మేత కొరత కాదు. వోల్గా మీద కట్టిన ఆనకట్టలు వాటిని గుడ్లు పెట్టే చోట్లకు వెళ్లనివ్వలేదు, 1991లో సోవియట్ యూనియన్ కూలిన తర్వాత అక్రమ వేట విపరీతంగా పెరిగింది. బురదలో పురుగులు ఉన్నా వాటిని తినే చేపలే తగ్గిపోయాయి. 1998 నుంచి స్టర్జన్ జాతులన్నీ సైటిస్ అనే, అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందం కింద అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణలో ఉన్నాయి.