చచ్చింది ఏ బ్యాటరీ మాస్టారూ? (ఈవీ కార్లు: అపోహలు - వాస్తవాలు)

మొన్న వేసవిలో నూజివీడు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు. గొంతు వణుకుతోంది. "బ్యాటరీ పోయిందండీ. రిమోట్ నొక్కితే తలుపు కూడా రావట్లేదు. కొత్తది ఏడెనిమిది లక్షలట కదా! మా బావమరిది ఎవరినో తీసుకొచ్చాడు, ఉన్నదున్నట్టు రెండున్నర లక్షలకి పట్టుకుపోతానంటున్నాడు. ఇచ్చేయమంటారా?" ఎలక్ట్రిక్ కారు (ఈవీ) కొని నాలుగేళ్లు. తిరిగింది 38 వేల కిలోమీటర్లు.

సంతకం పెట్టొద్దని చెప్పి, మా బెజవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ కొనుక్కుని వెళ్లాను. రిమోట్‌లో దాగి ఉండే తాళంచెవితో తలుపు తీసి, బానెట్ లేపి మీటర్ పెడితే 8 వోల్టులు. దాన్ని మార్చాను. డ్యాష్‌బోర్డ్ వెలిగింది. పెద్ద బ్యాటరీలో 61 శాతం చార్జింగ్ నిక్షేపంగా ఉంది. ఖర్చు ఆరు వేల లోపు. మాస్టారి భార్య మజ్జిగ గ్లాసు చేతికిస్తూ, "దీనికోసమా ఈయన రెండు రాత్రులు నిద్ర మానుకుంది?" అన్నారు.

నెలకి ఇలాంటివి రెండు మూడు చూస్తాను. ఈవీలో బ్యాటరీలు రెండు. కింద పరిచి ఉండే పెద్దది మోటార్‌ని తిప్పుతుంది. బానెట్ కింది చిన్నది లాకులు, లైట్లు, కంప్యూటర్లని నడిపిస్తుంది. పెద్ద బ్యాటరీని కారుకి కలిపే స్విచ్‌లు (కాంటాక్టర్లు) ఆన్ అవ్వాలన్నా ఈ చిన్నదాని కరెంటే కావాలి. ఇది చస్తే పెద్దది నిండుగా ఉన్నా కారు కదలదు. మూడు నాలుగేళ్లకి మార్చుకోవాల్సిన వస్తువు, పెట్రోల్ కారులో లాగే. జనం మాత్రం "బ్యాటరీ పోయింది" అన్న మాట వినగానే లక్షలు లెక్కేసుకుంటారు. బ్రోకర్లకి కావాల్సిందీ అదే.

అసలు "నాలుగేళ్లకి బ్యాటరీ పోతుంది" అనేది ఎక్కడ పుట్టింది? మన ఇన్వర్టర్లో, ఈ-రిక్షాలో, 2001లో బెంగళూరు నుంచి వచ్చిన రేవా కారులో ఉన్నవి లెడ్ యాసిడ్ బ్యాటరీలు. వాటి ఆయుష్షే అంత. దానికి తోడు అమెరికాలో అరిజోనా ఎండలకి తొలి నిస్సాన్ లీఫ్ కార్ల బ్యాటరీలు త్వరగా నీరసించాయి. వాటికి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేదు. ఇప్పుడు మన దగ్గర అమ్ముడయ్యే టాటా నెక్సాన్, ఎంజీ జెడ్ఎస్ లాంటి ఈవీల బ్యాటరీకి చల్లబరిచే ద్రవం (కూలెంట్) తిరుగుతుంది. రోహిణి కార్తెలో బెజవాడలో తిరిగే బండికి అదే రక్ష. జియోటాబ్ అనే సంస్థ దాదాపు 10 వేల ఈవీల డేటా చూసి, సామర్థ్యం తగ్గేది సగటున ఏడాదికి 1.8 శాతమని 2024లో చెప్పింది. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ చాలా కంపెనీలు ఇస్తున్నాయి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు మాత్రం ఆ వారంటీ రెండో ఓనర్‌కి ఎలా వర్తిస్తుందో కాగితం మీద చదవండి. సర్వీస్ సెంటర్‌లో ఎస్ఓహెచ్ రిపోర్ట్, అంటే బ్యాటరీ ఆరోగ్యం ఎంత మిగిలిందో చెప్పే కాగితం, తీయించండి. అమ్మేవాడు "బ్యాటరీ సూపరన్నా" అంటే అది రిపోర్ట్ కాదు.

"12 శాతం ఉండగానే బండి ఆగిపోయింది, బ్యాటరీ డ్యామేజ్" అని వచ్చేవాళ్లు ఇంకో రకం. వీళ్లలో ఎక్కువమంది ఎక్కడో విని, చార్జింగ్ ఎప్పుడూ 80 శాతం దగ్గర ఆపేస్తుంటారు. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీలో చార్జింగ్ తగ్గుతున్నా వోల్టేజ్ చాలాసేపు ఒకేలా ఉంటుంది, అందుకని మిగిలింది ఎంతో బీఎంఎస్ (బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే కంప్యూటర్) సరిగా అంచనా వేయలేదు. అప్పుడప్పుడూ స్లో చార్జర్ మీద 100 దాకా నింపితే లెక్క సర్దుకుంటుంది. 80 దగ్గర ఆపే అలవాటు ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) అనే ఇంకో రకం బ్యాటరీకి మంచిది. మీది ఏదో మాన్యువల్‌లో ఉంటుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. వానలో తడిస్తే షాక్ కొట్టదు. పెద్ద బ్యాటరీ ప్యాక్‌కి ఐపీ67 అనే నీటి రక్షణ రేటింగ్ ఉందంటే మీటర్ లోతు నీళ్లలో అరగంట తట్టుకోవాలి. అలాగని 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో రోజుల తరబడి నీళ్లలో నిలబడిన బళ్లకి ఆ అంకె అక్కరకి రాదు. మునిగిన కారుని ఆన్ చేయొద్దు, చార్జింగ్ పెట్టొద్దు. మంటల భయం అర్థం చేసుకోదగ్గదే. 2022 ఏప్రిల్‌లో మా ఊళ్లోనే ఒక ఇంట్లో స్కూటర్ బ్యాటరీ పేలి మనిషి పోయాడు. ఆ ఏడాది డిసెంబరు నుంచి బ్యాటరీ పరీక్షల నిబంధనలు దశలవారీగా గట్టిపడ్డాయి. కారు విషయంలో నేను ఎక్కువగా భయపడేది ఇంట్లో ఎర్తింగ్ లేకపోవడానికి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టి చార్జ్ చేయడానికి. మెయింటెనెన్స్ సున్నా అన్నదీ అబద్ధమే. బరువుకీ, మోటార్ ఒక్కసారిగా తిప్పే ఆ బలానికీ (టార్క్) టైర్లు త్వరగా అరుగుతాయి.

డిజైన్ మీద కుర్రాళ్లు గంటలు గంటలు కొట్టుకుంటారు. గ్రిల్ లేని మొహం బోడిగా ఉందని ఒకడు, ఆ మొహమే అందమని ఇంకొకడు. ఇంజిన్ లేనప్పుడు అంత గాలితో పనేముంది? వాళ్లు పట్టించుకోని లోపం వెనక సీట్లో ఉంటుంది. పెట్రోల్ కారుగా పుట్టి తర్వాత ఈవీగా మారిన మోడళ్లలో నేల కింద బ్యాటరీ దూర్చడం వల్ల ఫ్లోర్ ఎత్తవుతుంది, మోకాళ్లు పైకి లేస్తాయి, తొడలకి ఆనిక ఉండదు. టెస్ట్ డ్రైవ్‌కి అమ్మనో నాన్ననో తీసుకెళ్లి అరగంట వెనక కూర్చోబెట్టండి.

మాస్టారి చిన్న బ్యాటరీ చావడానికి కారణం చెప్పనే లేదు. నాలుగేళ్ల పాతది, పైగా ఆ దంపతులు డల్లాస్‌లో కూతురి దగ్గర ఐదు నెలలు ఉండి వచ్చారు. అన్నాళ్లూ కారు షెడ్డులో కదలకుండా ఉంది. దసరా వెళ్లాక మళ్లీ ప్రయాణమట. పెద్దదాన్ని 50 శాతం చుట్టుపక్కల ఉంచి, చిన్నదాని మైనస్ తీగ విప్పి వెళ్లమని చెప్పి, పది నంబర్ స్పానర్ ఒకటి ఇచ్చి వచ్చాను. విప్పడం రెండుసార్లు నా ముందే చేసి చూపించారు, స్టూడెంట్ లాగా.