గట్టు మీది గెల

ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్లే దారిలో ఆముదాన్ని ఎవరూ నాటక్కర్లేదు. పెంటదిబ్బ మీదా, కాలవ గట్టు మీదా దానంతటదే లేస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టి నాలుగు రోజులు ముసురు వదలకపోతే గెలలు మెత్తబడి, బూడిదరంగు బూజు దూదిలా కమ్మేస్తుంది. చేలో గెలకైతే రైతు మందు కొడతాడు. గట్టు మీది గెల ఎవరికి పట్టింది?

నాకు ఆ గెల మీదే ఆసక్తి. రెండూ ఒకే మొక్క. ఆముదం ప్రజాతిలో ఇంకో జాతే లేదు. చేలోని బూజుకు గట్టు మీదా ఇల్లుందన్నమాట. ఆంఫోబోట్రిస్ రిసిని అనే ఈ బూజు ఆముదం కుటుంబం దాటి పెద్దగా పోదు. దీని దాయాది బోట్రైటిస్ సినీరియాకు అలాంటి పట్టింపు లేదు. ద్రాక్ష, స్ట్రాబెరీ, టమాటా, గులాబీ, శనగ... వెయ్యికి పైగా మొక్కల మీద దొరికింది. కాకపోతే దానికి 20 డిగ్రీల చల్లదనం, తేమ కావాలి. అందుకే శనగలో దాని బెడద ఉత్తరాదిన ఎక్కువ. మన వైపు శనగ రైతు నోట వినిపించేది ఎండు తెగులు పేరే.

కంటికి అంతా ఒకటే బూజు. డీఎన్ఏ విప్పితే కథ వేరు. ఫ్రాన్సు ద్రాక్షతోటల్లో ఒకటే అనుకున్నది రెండు జాతులని తేలి, 2011లో రెండోదానికి బోట్రైటిస్ సూడోసినీరియా అని పేరు పెట్టారు. ఫెన్‌హెక్సమిడ్ అనే మందుకు అది పుట్టుకతోనే లొంగదు. ఒక జాతి లోపల కూడా తేడాలకు కొదవలేదు. బోట్రైటిస్ గాలిలోకి వదిలే విత్తనం లాంటి రేణువు, అంటే బీజం, ఒక్కోదాంట్లో డీఎన్ఏ దాచుకున్న కేంద్రకాలు అనేకం ఉంటాయి, అవన్నీ ఒకేలా ఉండాలనీ లేదు. ఒక్క బీజమే చిన్న ఉమ్మడి కుటుంబం!

మందు కొట్టినప్పుడు ఈ తేడాలే పనికొస్తాయి, మనకు కాదు, బూజుకు. కార్బెండజిమ్ అనే బూజుమందు వెళ్లి బూజులోని ట్యూబ్యులిన్ అనే ప్రొటీన్‌కు అతుక్కుంటుంది. ఆ ప్రొటీన్‌లో 198వ చోట ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, మందుకు పట్టు దొరకదు. బోట్రైటిస్‌లో సరిగ్గా అదే జరిగింది. మందు పడిన తోటలో అలా మారినవే మిగిలి పెరుగుతాయి. మందు పడని కలుపులో, అడవి మొక్కల్లో రకరకాలవీ బతుకుతాయి. గాలి రెంటినీ కలుపుతుంది. ఇంగ్లండులోనైతే జబ్బు జాడే లేని ప్రిమ్యులా అనే పూలమొక్కల్లో, లెట్యూస్ ఆకుకూర మొక్కల్లో కూడా బోట్రైటిస్ సినీరియా బయటపడింది. పచ్చగా ఉన్న మొక్కను చూసి ధీమా పడటానికి లేదు.

బూజు పట్టిన గెలలు తెంచి కాల్చెయ్యమని వ్యవసాయ అధికారులు చెబుతుంటారు. చేలోవి తెంచుతారు కూడా. తెంచిన చెయ్యి గట్టు దాకా ఎందుకు పోదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.