జార్జ్ వాలెస్: అపోహలు - వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు అమెరికా చరిత్ర చెబుతాను. పౌరహక్కుల పాఠానికి వచ్చేసరికి అలబామా గవర్నర్ వాలెస్ గురించి ఏటా ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: అతను మొదటినుంచీ కరడుగట్టిన జాత్యహంకారి.

వాస్తవం: జడ్జిగా ఉన్నప్పుడు జె.ఎల్. చెస్ట్‌నట్ అనే నల్లజాతి లాయర్‌ను నిండు కోర్టులో ‘మిస్టర్’ అని పిలిచాడు. ఆ రోజుల్లో అక్కడ ఆ మర్యాద నల్లవాళ్లకు దక్కేది కాదు. 1958లో గవర్నర్ పదవికి పోటీపడితే నల్లజాతివారి హక్కుల సంస్థ ఎన్ఏఏసీపీ అతన్నే బలపరిచింది. నల్లవాళ్లపై దాడులు చేసే తెల్లజాతి ముఠా కూ క్లక్స్ క్లాన్ అండ ఉన్న ప్యాటర్సన్ చేతిలో ఓడిపోయాడు. ఆ తర్వాత ప్లేటు ఫిరాయించాడు. 1962లో గెలిచి, 1963 జనవరి 14న ప్రమాణ స్వీకారం చేస్తూ ‘వేర్పాటు (నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ వేరుగా ఉంచడం) ఇప్పుడూ ఉండాలి, రేపూ ఉండాలి, ఎప్పటికీ ఉండాలి’ అన్నాడు. ఆ ప్రసంగం రాసిచ్చింది క్లాన్ మనిషి ఏసా కార్టర్. తెలియక చేసినవాణ్ణి క్షమించడం తేలిక. ఇతను తెలిసే, ఓట్ల కోసం చేశాడు. పాఠంలో నాకు మింగుడుపడనిది ఇదే.

అపోహ: యూనివర్సిటీ గుమ్మంలో నిలబడి నల్ల విద్యార్థులను చేరనివ్వలేదు.

వాస్తవం: 1963 జూన్ 11న టస్కలూసాలో అలబామా యూనివర్సిటీ ఫాస్టర్ ఆడిటోరియం ముందు ఎవరెక్కడ నిలబడాలో నేలమీద ముందే తెల్లగీతలు గీసిపెట్టారు. టీవీ కెమెరాల ఎదుట వాలెస్ తన ప్రకటన చదివాడు. అధ్యక్షుడు కెనడీ రాష్ట్ర సైనిక దళమైన అలబామా నేషనల్ గార్డ్‌ను కేంద్రం చేతిలోకి తీసుకున్నాడు. మధ్యాహ్నం ఆ గార్డ్ జనరల్ గ్రాహం వచ్చి తప్పుకోమంటే వాలెస్ తప్పుకున్నాడు. నల్ల విద్యార్థులు వివియన్ మలోన్, జేమ్స్ హుడ్ ఆరోజే చేరారు. 1965లో మలోన్ పట్టా కూడా అందుకుంది.

అపోహ: అతనికి దక్షిణాదిలోనే ఓట్లు పడ్డాయి.

వాస్తవం: 1972లో అధ్యక్ష పదవికి పోటీపడుతూ ఉత్తరాదిన ఉన్న మిషిగన్‌లో డెమోక్రటిక్ ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) గెలిచాడు.

అపోహ: క్షమాపణలన్నీ ఎన్నికల నాటకం.

వాస్తవం: 1972 మే 15న మేరీల్యాండ్‌లో తగిలిన తూటాలతో నడుము కింద చచ్చుబడింది. 1979లో చక్రాల కుర్చీలోనే, ఒకప్పుడు మార్టిన్ లూథర్ కింగ్ పాస్టర్‌గా ఉన్న మాంట్‌గోమరీ చర్చికి వెళ్లి క్షమించమని అడిగాడు. 1982లో నల్లవాళ్ల ఓట్లతోనే మళ్లీ గవర్నరయ్యాడు కాబట్టి అనుమానం రావడం సహజమే. కానీ 1996లో, ఏ పదవికీ పోటీచేసే స్థితిలో లేనప్పుడు కూడా, మలోన్‌కు స్వయంగా క్షమాపణ చెప్పాడు. పశ్చాత్తాపం నిజమేనని నా నమ్మకం. అయితే 1965 మార్చి 7న అలబామాలోని సెల్మా వంతెన మీద ఓటు హక్కు కోసం ఊరేగుతున్న, చేతిలో ఏమీ లేని జనాన్ని చితకబాదింది అతని రాష్ట్ర పోలీసులే. ఆ దెబ్బలకు పుర్రె చిట్లిన పౌరహక్కుల నాయకుడు జాన్ లూయిస్, 1998లో వాలెస్ చనిపోయాక, అతన్ని క్షమించానని న్యూయార్క్ టైమ్స్‌లో రాశారు.